దొంగ ముఖం తెలిసిన రోజులు

మా బాపు తన ఉద్యోగంలో ఎక్కువ కాలం వరంగల్ పట్టణంలోని ఒక ఠాణాలో రైటర్‌గా పనిచేశారు. హోదాకు హెడ్ కానిస్టేబులే అయినా ఊళ్లో అందరికీ ఆయన రైటర్ సాబ్. ఏడుస్తూ, తడబడుతూ ఫిర్యాదుదారు చెప్పిన సంగతులను వరుసలో పెట్టి కాగితం మీదికి ఎక్కించడం, ఎఫ్‌ఐఆర్ కట్టడం, జనరల్ డైరీ రాయడం, కోర్టుకు పోయే కట్టలను దారంతో కుట్టి పంపడం ఆయన పని. 1970లలో బడి అయిపోగానే ఆయనకు టిఫిన్ డబ్బా ఇచ్చే నెపంతో ఆ ఠాణాకు వెళ్లి, బల్ల పక్కనున్న చెక్క స్టూలు మీద కూర్చొని అంతా చూసేదాన్ని. పెద్దయ్యాక నేను బ్యాంకులో గుమాస్తాగా చేరి అక్కడే పదవీ విరమణ చేశాను. నేరం ఎంతగా మారిపోయిందో ఒకసారి బాపు బల్ల పక్క నుంచి, మరోసారి నా కౌంటరు వెనుక నుంచి చూసినదాన్ని కనుక, ఆ మార్పును నాకు తెలిసినంత మేరకు రాసి పెట్టాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

ఆ ఠాణాలో నాకు అన్నింటికన్నా బాగా గుర్తున్నది వేలిముద్రలు తీసే పని. చతురస్రాకారపు గాజు పలక మీద నల్లని సిరాను చిన్న రబ్బరు రోలరుతో పలచగా పరిచేవారు. పట్టుబడిన మనిషి మణికట్టును బాపు తన చేత్తో పట్టుకొని, ఒక్కొక్క వేలినీ గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మొదట సిరా మీద, తరువాత చీటీ మీద మెల్లగా దొర్లించేవారు. ఆ మనిషి భయంతో చెయ్యి బిగిస్తే ముద్ర అలుక్కుపోతుంది. అందుకని బాపు గొంతు తగ్గించి, "చెయ్యి ఇడిచిపెట్టు బిడ్డా, బిగపట్టకు" అనేవారు. పది వేళ్లూ అయ్యాక కిరోసిన్‌లో తడిపిన గుడ్డ పీలిక ఇచ్చి తుడుచుకోమనేవారు. ఆ చీటీ హైదరాబాదులోని వేలిముద్రల బ్యూరోకు టపాలో వెళ్లేది, జవాబు ఎప్పుడో వచ్చేది. ప్రపంచంలో మొట్టమొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలోనే మొదలైందనీ, ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో చెలామణీ అయిన ఆ వర్గీకరణ పద్ధతిని నిజంగా తీర్చిదిద్దినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మన దేశపు పోలీసు ఉద్యోగులేననీ బాపు శిక్షణలో నేర్చుకున్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో కనిపించిన గర్వం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ పద్ధతి అంతా ఒకే ఒక నమ్మకం మీద నిలబడి ఉండేది: దొంగ వచ్చి పోయాడు. బీరువా తలుపు మీదనో, గడప మీదనో, గోడ అవతల బురదలోనో అతని శరీరం తాలూకు ఏదో ఒక గుర్తు మిగిలి ఉంటుంది. కనుక నేరం జరిగిన చోటును కాపాడటం, ఆ చోటుకు దగ్గరలో తిరిగే మనుషులను ఎరిగి ఉండటం పోలీసు పనిలో సగానికి మించిన భాగం. పాత నేరస్థులుగా ఠాణా రికార్డుల్లో కేడీ షీట్లు ఉన్నవారి ఇళ్లకు రాత్రి గస్తీ జవానులు వెళ్లి మనిషి ఇంట్లో ఉన్నాడో లేడో చూసి వచ్చేవారు. స్టేషన్ రోడ్డు లాడ్జీల రిజిస్టర్లు తిరగేసేవారు. కుదువ వ్యాపారం చేసే సేట్ల దుకాణాలకు పోయిన నగల వివరాలు పంపేవారు. మిర్చి, పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌లో సరుకు అమ్ముకొని, డబ్బును నడుముకు కట్టుకొని బస్టాండుకు వచ్చే రైతు వెనుక ఎవరు నడుస్తున్నారో చూడటానికే మఫ్టీలో జవానులను పెట్టేవారు. రెండేళ్లకొకసారి మేడారం జాతర వచ్చినప్పుడు ఇతర జిల్లాల నుంచి వచ్చిన క్రైం సిబ్బందిని బస్సులు ఆగే చోట్ల నిలబెట్టేవారని బాపు చెప్పేవారు, ఎందుకంటే తమ జిల్లా జేబుదొంగల ముఖాలను లక్షల మంది జనంలో గుర్తుపట్టగలిగేది వారే. ఒక దొంగను చూడగానే అతని ఊరు, తండ్రి పేరు, పాత కేసులు, పని చేసే పద్ధతి చెప్పగలిగినవాళ్లు మా చిన్నప్పుడు ఠాణాకు ఇద్దరు ముగ్గురైనా ఉండేవారు.

ఆ కాలమంతా బంగారమని నేను అనడం లేదు. అనుమానంతో పట్టుకొచ్చిన పేదవాడు దెబ్బలు తిన్న రోజులు కూడా అవే. హద్దుల తగాదా అయితే జనాన్ని మరీ ఏడిపించేది. కాజీపేట దగ్గర రైల్లో పెట్టె పోతే అది రైల్వే పోలీసులదా, పట్టణ ఠాణాదా అన్నది తేలే లోపల పెట్టె బల్లార్షా దాటిపోయేది. మా పరిధి కాదు అని ఫిర్యాదుదారును తిప్పి పంపడం బాపుకు నచ్చేది కాదు, కాని రైటర్ మాట ఎంతవరకు చెల్లుతుంది? పరిధితో పని లేకుండా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలన్న జీరో ఎఫ్‌ఐఆర్‌ను 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చట్టంలోనే రాశారని చెప్పినప్పుడు, మా బాపు చాలాసేపు సంతోషంగా దాని గురించే మాట్లాడారు.

ఇక నా కౌంటరు సంగతి. బ్యాంకులో లెడ్జర్లు చేతితో రాసే రోజుల్లో సాయంత్రం లెక్క కుదరక కొద్ది పైసల తేడా వస్తే చాలు, అది దొరికేదాకా ఎవరూ ఇంటికి పోయేవారు కాదు. ఆ అలవాటున్న నాకు క్లిఫర్డ్ స్టాల్ కథ చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో పనిచేస్తున్న ఆ ఖగోళ శాస్త్రజ్ఞుడికి కంప్యూటర్ వాడకపు లెక్కల్లో 75 సెంట్ల తేడా కనిపించింది. దానిని వదిలిపెట్టకుండా నెలల తరబడి వెంటాడితే, చివరకు పశ్చిమ జర్మనీలోని హానోవర్‌లో కూర్చొని అమెరికా సైనిక కంప్యూటర్లలోకి చొరబడుతున్న మార్కస్ హెస్ అనే యువకుడు బయటపడ్డాడు. ఆ సమాచారం సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి అమ్ముడవుతోంది. మొదట్లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పెద్దగా పట్టించుకోలేదు, నష్టం డాలరు కూడా లేదు కదా అని. దొంగ ఒక ఖండంలో, దోపిడీ మరో ఖండంలో ఉండే రోజులు వస్తున్నాయని పోలీసు వ్యవస్థ గ్రహించక ముందే ఒక లెక్కల తేడా దానిని పట్టించింది.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా వచ్చింది. హనుమకొండ చౌరస్తా, నక్కలగుట్ట దారుల్లో నెట్ సెంటర్లు కనిపించడానికి మరికొన్నేళ్లు పట్టింది. ప్లైవుడ్ అరలు, ప్రతి అరకూ ఒక చిన్న పరదా, గుమ్మం దగ్గర బల్ల మీద పొడుగాటి నోటుబుక్కు, అందులో వచ్చినవారి పేరు, కూర్చున్న వేళ, లేచిన వేళ. బాపు నాతో పాటు ఒకసారి అక్కడికి వచ్చి ఆ పుస్తకాన్ని తిరగేసి, లాడ్జీ రిజిస్టరు లాగే ఉందని అన్నారు. నిజంగానే పోలీసులు కొన్నేళ్ల పాటు ఇంటర్నెట్‌ను ఒక చోటుకు కట్టి ఉంచడానికి ప్రయత్నించారు. బెదిరింపు మెయిల్ వస్తే అది ఏ సెంటర్ నుంచి వచ్చిందో కనుక్కొని, ఆ వేళకు ఏ అరలో ఎవరున్నారో పుస్తకంలో చూసేవారు. వచ్చినవారి గుర్తింపు కార్డు చూడాలనీ, ఆ వివరాలను ఏడాది పాటు భద్రపరచాలనీ 2011లో కేంద్రం నిబంధనలు కూడా తెచ్చింది. అప్పటికి ఇంటర్నెట్ జనం జేబుల్లోకి చేరుతూ ఉంది. నిబంధన వచ్చేసరికి నెట్ సెంటర్లు ఖాళీ అవుతున్నాయి.

చట్టం ఎప్పుడూ నేరానికి వెనుకనే నడిచింది. 2000 మే నెలలో ప్రేమలేఖ రూపంలో వచ్చిన 'ఐ లవ్ యూ' వైరస్ కొన్ని గంటల్లో ప్రపంచమంతా పాకి లక్షల కంప్యూటర్లను పాడుచేసింది. దాన్ని తయారుచేసిన మనీలా విద్యార్థి ఓనెల్ డి గుజ్మాన్‌ను పోలీసులు కనిపెట్టగలిగారు, కాని ఆ పనిని నేరంగా చెప్పే చట్టం అప్పటికి ఫిలిప్పీన్స్‌లో లేకపోవడం వల్ల కేసు నిలవలేదు. మన సమాచార సాంకేతిక చట్టం అదే ఏడాది అక్టోబరు 17న అమలులోకి వచ్చింది. అందులోని 78వ సెక్షన్ ప్రకారం డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. అంటే ఠాణాలో ఉన్న ఇన్‌స్పెక్టర్ కూడా చేయడానికి వీల్లేదు. 2008 సవరణతో దానిని ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గించారు, ఇప్పటికీ అక్కడే ఉంది. మండల కేంద్రాల్లో ఠాణాను నడిపేది ఎస్సై అని తెలిసిన ఎవరికైనా ఆ నిబంధన ఎంత మందిని గుమ్మం దగ్గరే ఆపుతుందో అర్థమవుతుంది. ఇంత కాలమైనా దానిని మార్చకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

నేరం చోటును విడిచి గడియారాన్ని పట్టుకున్నదని నాకు పూర్తిగా అర్థమైంది 2016 ఫిబ్రవరిలో జరిగిన బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు దోపిడీ గురించి చదివినప్పుడు. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వులో ఉన్న ఆ బ్యాంకు ఖాతా నుంచి సుమారు 95 కోట్ల డాలర్లు తరలించడానికి దొంగలు ఢాకాలోని కంప్యూటర్ల ద్వారా 35 ఆదేశాలు పంపారు. ఎంచుకున్నది గురువారం రాత్రి. మరుసటి రోజు శుక్రవారం, ఢాకాలో సెలవు. తరువాత శని, ఆదివారాలు, న్యూయార్క్‌లో సెలవు. సోమవారం చైనా నూతన సంవత్సరం, డబ్బు చేరే మనీలాలో సెలవు. లావాదేవీలను కాగితం మీద ముద్రించే ప్రింటరు ముందే పని చేయకుండా చేశారు. శ్రీలంకకు పంపిన 2 కోట్ల డాలర్లు మాత్రం, స్వీకరించే సంస్థ పేరులో 'ఫౌండేషన్' అన్న మాటకు అక్షరాలు తప్పుగా రాసి ఉండటం వల్ల ఆగి వెనక్కి వచ్చాయి. మనీలాకు చేరిన 8.1 కోట్ల డాలర్లలో ఎక్కువ భాగం జూద గృహాల్లో కలిసిపోయింది. మూడు దేశాల బ్యాంకు సెలవులు తెలిసిన దొంగ అతను. నాకూ సెలవుల పట్టిక గోడ మీద ఎదురుగానే ఉండేది, అది ఆయుధం కాగలదని ఎన్నడూ తోచలేదు.

పోలీసులు కూడా ఊరుకోలేదు. 2021 జూన్‌లో అమెరికా, ఆస్ట్రేలియా, ఐరోపా పోలీసులు కలిసి బయటపెట్టిన 'అనోమ్' వ్యవహారం అందుకు గొప్ప ఉదాహరణ. రహస్య సందేశాల ఫోన్ అని నమ్మి నేర ముఠాలు కొనుక్కున్న ఆ ఫోన్లను నడిపింది ఎఫ్‌బీఐయే. ఒక్కసారిగా 800 మందికి పైగా పట్టుబడ్డారు. సరిహద్దులు దాటి సాక్ష్యం పంచుకోవడానికి 2001లో బుడాపెస్ట్‌లో ఒక ఒప్పందం కుదిరింది, భారతదేశం అందులో చేరలేదు. ఐక్యరాజ్యసమితి సాధారణ సభ సైబర్ నేరాల ఒప్పందాన్ని ఆమోదించింది 2024 డిసెంబరులో. మన ఊళ్లోనైతే సెల్ టవర్ వివరాలు, కాల్ రికార్డులు, చౌరస్తాల్లో సీసీ కెమెరాలు వచ్చి, గస్తీ జవాను జ్ఞాపకం చేసే పనిని చేస్తున్నాయి. కాని ఆ శక్తికి అదుపు కూడా కావాలి. సామాజిక మాధ్యమంలో ఒక వ్యాఖ్య రాసినందుకు 2012లో మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో ఇద్దరు ఆడపిల్లలను అరెస్టు చేసిన తరువాతే కదా, సమాచార సాంకేతిక చట్టంలో అభ్యంతరకరమైన సందేశాలను నేరంగా చూసే 66-ఎ సెక్షన్ మీద అంత చర్చ జరిగింది. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసిన రోజు బాపు ఆ వార్తను కత్తిరించి దాచుకున్నారు.

కంప్యూటర్ నేరాల గురించి ఇంతవరకు రాసినదంతా నేను దూరం నుంచి చదివి తెలుసుకున్నది. మా వీధిలో ఒంటరిగా ఉంటున్న రిటైర్డ్ టీచరమ్మకు 2024లో జరిగింది మాత్రం దగ్గర నుంచి చూశాను. పార్సిల్‌లో మత్తు పదార్థాలు దొరికాయనీ, ఆమె ఆధార్‌తో తెరిచిన ఖాతా ద్వారా నల్లధనం నడిచిందనీ ఒక ఫోన్ వచ్చింది. తరువాత వీడియో కాల్. అవతల ఖాకీ యూనిఫాంలో ఒక మనిషి, వెనుక గోడ మీద పోలీసు చిహ్నం, బల్ల మీద జెండా. ఫోన్ కట్ చేయవద్దు, ఎవరితోనూ మాట్లాడవద్దు, మీరు అరెస్టులో ఉన్నారు అన్నాడు. నేను తలుపు కొట్టి లోపలికి వెళ్లేసరికి ఆమె ఫోన్‌ను స్టీలు చెంబుకు ఆనించి ఎదురుగా పెట్టుకొని కూర్చొని ఉంది. రాత్రంతా అలాగే కూర్చుందట. చార్జింగ్ తీగ నేల మీదుగా లాగి పెట్టుకుంది. పొయ్యి మీద పాలు తోడుకోకుండానే విరిగిపోయి ఉన్నాయి. నన్ను చూడగానే నోటి మీద వేలు పెట్టి, "సార్ ఉన్నడు, నెమ్మదిగ మాట్లాడు" అన్నది. అప్పటికే ఆమె ఫిక్స్‌డ్ డిపాజిట్లు రద్దు చేసి, విచారణ పూర్తయ్యాక తిరిగి ఇస్తామన్న ఖాతాలకు డబ్బు పంపేసింది.

ఆ సంగతి చెప్పినప్పుడు, 85 ఏళ్లు దాటిన బాపు మొదట అడిగిన ప్రశ్న, "దొంగ ఏ ఊరోడట?" నా దగ్గర జవాబు లేదు. రెండో ప్రశ్న, "పేరు పట్టీ ఉన్నదా?" ఆ ప్రశ్నకు ఒక కారణం ఉంది. ఆయన పదవీ విరమణకు కొద్ది కాలం ముందు, 1996 డిసెంబరులో, డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టుకు నియమాలు పెట్టింది. అరెస్టు చేసే అధికారి పేరు, హోదా స్పష్టంగా కనిపించే పట్టీ ధరించాలి. అక్కడికక్కడే అరెస్టు మెమో రాసి, కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతపు పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. బంధువుకో స్నేహితుడికో కబురు పంపాలి. ఆ నియమాలను బాపు తన గుండ్రని అక్షరాలతో తెలుగులో రాసి ఠాణా గోడకు అతికించారు. ఎవరికీ చెప్పవద్దు అనే అరెస్టు మన చట్టంలో లేనే లేదు, ఎవరికైనా చెప్పి తీరాలన్నదే నియమం. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో, ఇలా వీడియో కాల్‌లో చేసే డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలో లేదని దేశానికంతటికీ చెప్పవలసి వచ్చింది. తాను ఉద్యోగ జీవితమంతా ఇస్త్రీ చేసి తొడుక్కున్న ఖాకీని చూపించి, ముసలమ్మల నోరు మూయించి దోచుకుంటున్నారన్న బాధ మా బాపును ఇప్పటికీ వదల్లేదు. నన్నూ వదల్లేదు.

ఆ రోజు వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేశాము. అక్కడివారు అడిగేది నేరం ఎక్కడ జరిగిందని కాదు, డబ్బు ఏ వేళకు పోయిందని, లావాదేవీ నంబరు ఏమిటని. ఆ నంబరును నమోదు చేయగానే డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళ్తుంది. ఖాతాలో ఇంకా ఉంటే అక్కడే ఆపుతారు, దాటిపోతే తరువాతి బ్యాంకుకు చెబుతారు. దొంగలు ఒక ఖాతా నుంచి నాలుగింటికి, నాలుగింటి నుంచి పదింటికి ముక్కలు చేసి పంపుతూనే ఉంటారు. మధ్యలో ఉండే ఆ ఖాతాలు చాలా వరకు కొద్దిపాటి కమీషన్‌కు ఆశపడి పాస్‌బుక్కు, సిమ్ కార్డు అప్పగించిన నిరుద్యోగులవి. మొదటి గంటలోనే చెప్పగలిగితే చాలా వరకు ఆగుతుంది. టీచరమ్మ విషయంలో ఒక రాత్రి గడిచిపోయింది, కనుక కొంత మాత్రమే ఆగింది. ఆమె పెద్ద మొత్తం ఒకేసారి పంపుతున్నప్పుడు, ఎందుకమ్మా అని ఆ బ్యాంకులో ఒక్కరైనా అడిగి ఉంటే బాగుండేదన్నది పాత గుమాస్తాగా నా ఆవేదన.

బాపు అడిగిన మొదటి ప్రశ్నకు నాకు తరువాత తెలిసిన జవాబు మరింత కలవరపెట్టింది. ఇలాంటి మోసాలు చేసే కేంద్రాలు కంబోడియాలో, మయన్మార్‌లో పెద్ద పెద్ద ప్రహరీల వెనుక నడుస్తున్నాయి. మయన్మార్‌లో కనీసం 1,20,000 మందిని, కంబోడియాలో సుమారు 1,00,000 మందిని అక్కడ బలవంతంగా పనిచేయిస్తూ ఉండవచ్చునని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో చెప్పింది. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి ఏజెంట్లకు డబ్బు కట్టి వెళ్లి, పాస్‌పోర్టు లాక్కోబడి చిక్కుకున్నవారిలో మన కరీంనగర్ వైపు పిల్లలు కూడా ఉన్నారు. తరతరాలుగా గల్ఫ్‌కు పోయే ఉత్తర తెలంగాణ ఇళ్లకు ఏజెంటు కొత్త కాదు, అప్పు చేసి వీసా కొనడం కొత్త కాదు. అందుకే ఆ వల ఇక్కడ తేలికగా పడింది. టీచరమ్మను బెదిరించిన గొంతు వెనుక, తిండి కోసం, దెబ్బల భయంతో ఆ మాటలు చదువుతున్న మన పక్క జిల్లా కొడుకు ఉండి ఉండవచ్చు. దొంగను పట్టుకోగానే అతని చేతిని వదులు చేయించి ముద్ర తీసిన బాపు ఇది విని, "మరి ఆ పిల్లగాండ్లను ఎవరు తోలుకొస్తరు?" అని అడిగారు.

2023లో రాష్ట్రానికి ప్రత్యేకంగా సైబర్ సెక్యూరిటీ బ్యూరో వచ్చింది, వరంగల్‌లో సైబర్ ఠాణా ఉంది. టీచరమ్మ కేసు చూసిన యువ కానిస్టేబుల్ బీటెక్ చదివినవాడు. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మీ తప్పేం లేదు మేడం అని ముందుగా చెప్పి, ఆమె ఫోన్‌లోని ప్రతి సందేశాన్నీ వేళతో సహా వరుసగా రాసుకున్నాడు. చాలా నెలలకు, ఆగిన డబ్బును తిరిగి ఇప్పించడానికి లోక్ అదాలత్‌కు రమ్మని కబురు వచ్చింది. హనుమకొండ కోర్టు వరండాలో ఒక మిర్చి వ్యాపారి, ఇద్దరు ఇంజనీరింగ్ పిల్లలు, ఒక అంగన్‌వాడీ టీచరు, ఇంకా ఎందరో కాగితాలు పట్టుకొని కూర్చొని ఉన్నారు. వాళ్లలో ఒక్కరు కూడా తమను దోచినవాడిని ఎన్నడూ చూడలేదు. టీచరమ్మ బాండు మీద సంతకం చేసి, మిగతా డబ్బు సంగతి ఎప్పుడు తేలుతుందని అడిగింది. ఆ ఖాతాలు మూడు రాష్ట్రాల్లో ఉన్నాయనీ, అక్కడి బ్యాంకుల నుంచి, పోలీసుల నుంచి జవాబులు రావాలనీ, రెండు చోట్లకు మళ్లీ రాశామనీ ఆ కానిస్టేబుల్ చెప్పాడు.